బీ18బీ బ్లాక్ మీద బీ16 వీటెక్ హెడ్: తక్కువ ఖర్చులో అయ్యే పనేనా?

మీది హోండా బీ18బీ ఇంజిన్. ఓవర్‌హీట్ అయి హెడ్ (సిలిండర్లుండే బ్లాక్ మీద బిగించే, వాల్వులూ క్యామ్‌లూ ఉండే పై భాగం) పగిలింది. స్క్రాప్‌లో బీ18బీ హెడ్ ధరకే హోండాదే బీ16 ఇంజిన్ వీటెక్ (స్పీడు పెరిగితే వాల్వులను ఎక్కువ తెరిచే ఏర్పాటు) హెడ్ దొరుకుతోంది కాబట్టి అదే బిగిస్తే పవర్ కూడా కలిసొస్తుంది కదా అని అడిగారు. బిగించొచ్చు. నా కారులో ఇప్పుడు నడుస్తున్నది ఈ జోడీయే. అయితే హెడ్ ధర ఒక్కటే చూసుకుని దిగితే మాత్రం ఇంజిన్ విప్పేసిన దశలో డబ్బులు అయిపోతాయి. నాకైన మొత్తంలో హెడ్ వాటా సగం కూడా లేదు.

రెండు ఇంజిన్లకూ బోర్ 81 మి.మీ., హెడ్ బోల్టుల అమరిక ఒకటే. అందుకే బ్లాక్ మీద పెట్టి చూస్తే సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. తేడా కంటికి కనపడని చోట, ఆయిల్ దారుల్లో ఉంది.

వీటెక్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్‌తో. ఇంజిన్ స్పీడు పెరిగాక సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) తెరుచుకుంటే, ఆయిల్ వచ్చి రాకర్లలోని, అంటే వాల్వులను నొక్కే చేతుల్లోని, పిన్నులను నెడుతుంది. అప్పుడు రాకర్లు ఒకదానికొకటి లాక్ అయి, క్యామ్ షాఫ్టు మీద ఎత్తు ఎక్కువున్న ఉబ్బు (లోబ్) మీద నడుస్తాయి. వీటెక్ బ్లాకులో దీనికి ఆయిల్ తీసుకెళ్లే దారి ఉంటుంది, మీ బ్లాకులో లేదు. కాబట్టి ఆ దారి కోసం హెడ్ అడుగున ఉన్న రంధ్రానికి ట్యాప్ కొట్టి (లోపల మర కోసి), మర ఉన్న ప్లగ్గుతో మూసేయాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్న చోట T ఆకారపు ఫిట్టింగ్ పెట్టి, అక్కడి నుంచి బయట లైన్ వేసి హెడ్‌కు ఆయిల్ అందించాలి. ప్లగ్గు హెడ్ ఫేస్ (బ్లాక్ మీద ఆనే అడుగు తలం) కంటే రవ్వంత లోపలికే ఉండాలి. పైకి పొడుచుకొస్తే గాస్కెట్ అక్కడ పట్టదు. ట్యాప్ కొట్టినప్పుడు రాలిన అల్యూమినియం రజను ఆయిల్ దారుల్లోంచి పూర్తిగా కడిగించండి. బయటి లైనుకు మామూలు రబ్బరు గొట్టం వద్దు, స్టీలు అల్లిక ఉన్న హోస్ వాడండి. ఆ లైన్ తెగితే ఇంజిన్ ఆయిలంతా రోడ్డు మీదే ఉంటుంది, ఆ వెంటనే బేరింగులు పోతాయి.

హెడ్‌ను బ్లాక్ మీద సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నుల చోట్లు కూడా కలవవు. ఈ పనినీ, ప్లగ్గు పనినీ, హెడ్ ఫేసింగునూ (అడుగు తలాన్ని చెక్కి సమం చేయడం) నేను ఒకే మెషిన్ షాపులో ఒకేసారి చేయించాను. విడివిడిగా తిప్పితే ఖర్చుతో పాటు "ఈ గీత మేం పెట్టింది కాదు" అనే వాదనలు కూడా వస్తాయి.

స్క్రాప్ హెడ్ కొనేముందు వాల్వుల కంటే ముందు క్యామ్ జర్నల్స్ (క్యామ్ షాఫ్టు ఆని తిరిగే చోట్లు) చూడండి. ఈ హెడ్లలో క్యామ్‌కు వేరే బేరింగ్ షెల్స్ ఉండవు, నేరుగా అల్యూమినియం మీదే తిరుగుతుంది. గోరు పెట్టి గీస్తే ఆగేంత గాట్లు పడి ఉంటే ఆ హెడ్ వదిలేయండి. క్యామ్ క్యాపులు ఆ హెడ్‌వే అయి ఉండాలి. ఫ్యాక్టరీలో క్యాపులు బిగించాకే క్యామ్ తిరిగే రంధ్రాలు తొలుస్తారు, ఇంకో హెడ్ క్యాపులు దీనికి సరిపడవు. నాకు హెడ్ అమ్మినతను "బాగుంది సార్, నిన్నటిదాకా నడిచిన బండిదే" అన్నాడు. ప్రెషర్ టెస్ట్ చేయిస్తే ఒక ఎగ్జాస్ట్ వాల్వు సీటు పక్కన నీళ్ల చెమ్మ కనిపించింది. టెస్టులో పాసైతేనే తీసుకుంటానని ముందే మాట అనుకున్నాం కాబట్టి వేరేది ఇచ్చాడు. మీరూ ఆ మాట ముందే అనుకోండి. సమతలం సంగతి స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో ఇంట్లోనే తేలుతుంది. వంపు 0.05 మి.మీ. లోపు ఉంటే ఫేసింగ్ అక్కర్లేదు.

కంప్రెషన్ (సిలిండర్లోని గాలి ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్న) లెక్క కూడా వేసుకోవాలి. మీ ఇంజిన్ 1834 సీసీ అంటే ఒక్కో సిలిండర్ సుమారు 458 సీసీ. కంప్రెషన్ రేషియో 9.2 కావాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 56 సీసీ దగ్గర ఉండాలి. ఛాంబర్ తేడా వల్లో, ఫేసింగ్ వల్లో, పల్చటి గాస్కెట్ వల్లో అందులో 3 సీసీ తగ్గితే రేషియో 9.7 దాకా వెళుతుంది. కాబట్టి ఎవరి లెక్కో నమ్మకుండా కొలవండి. స్పార్క్ ప్లగ్గు బిగించి, హెడ్ తిరగేసి, ఛాంబర్ మీద చిన్న రంధ్రమున్న అక్రిలిక్ పలకను గ్రీజుతో అంటించి, సిరంజితో కిరోసిన్ నింపితే ఎన్ని సీసీలో తెలుస్తుంది. ఫేసింగ్ ఎక్కువ తీయిస్తే వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి, క్యామ్ టైమింగ్ కూడా కాస్త వెనక్కి జరుగుతుంది.

ఇక మీరు అడగని విషయం, నా దృష్టిలో అసలు విషయం. బీ16 హెడ్ పవర్ ఇచ్చేది ఇంజిన్ పై స్పీడులో. బీ16 స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 77.4 మి.మీ., మీ బ్లాక్ స్ట్రోక్ 89 మి.మీ. బీ16 పిస్టన్ 8000 ఆర్‌పీఎం దగ్గర సగటున సెకనుకు 20.6 మీటర్లు కదులుతుంది. మీ పిస్టన్ ఆ వేగాన్ని 7000కు ముందే అందుకుంటుంది, 8000కు లాగితే 23.7 మీటర్లు. ఆ బరువంతా పడేది కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద, ఈ బ్లాకుకు బలహీనమైన చోటు అదే. పైగా పిస్టన్ల అడుగున ఆయిల్ చల్లే జెట్లు బీ16లో ఉంటాయి, మీ బ్లాకులో ఉండవు. నేను కొత్త రాడ్ బోల్టులు వేయించి కూడా రెవ్ లిమిట్ (ఇంజిన్ స్పీడు హద్దు) 7200 దగ్గర పెట్టుకున్నాను. నా స్నేహితులు దీన్ని పిరికితనం అంటారు, అననీ.

మీ బ్లాక్ ఓవర్‌హీట్ అయిందని కూడా మర్చిపోవద్దు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, బేరింగులు విప్పి చూడకుండా ముందుకు వెళ్లొద్దు. బ్లాక్ ఫేస్ వంపు కూడా కొలవాలి.

వీటెక్ సోలనాయిడ్‌ను నడిపే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కావాలి, మీ పాతది ఆ పని చేయదు. దానికి తగ్గ వైరింగ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్, హెడ్‌కు సరిపడే గాస్కెట్, స్టడ్లు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు అన్నీ ముందే రాసుకుని ధరలు కనుక్కోండి. ఈ తంతు ఒక్క హోండాదే కాదు. 1996-2000 షెవర్లే వోర్టెక్ హెడ్లు పాత షెవర్లే 350 (ఘనపు అంగుళాల) బ్లాక్ మీద చక్కగా కూర్చుంటాయి, కానీ పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ వాటికి పనికిరాదు. దాని బోల్టుల అమరికే వేరు.

ఇది మీ రోజువారీ బండి అయితే, చేతిలో డబ్బు తక్కువైతే, అదే ధరకు దొరికే బీ18బీ హెడ్ టెస్ట్ చేయించి బిగించుకోండి. వేరే బండి ఉండి, ఇది నెలల తరబడి స్టాండ్ల మీద ఉన్నా ఇబ్బంది లేదనుకుంటే బీ16 హెడ్ తీసుకోండి. తీసుకునేటప్పుడు క్యామ్‌లు, సోలనాయిడ్, మానిఫోల్డ్, డిస్ట్రిబ్యూటర్, ఈసీయూ అన్నీ కలిపి ఒకే బేరంగా మాట్లాడండి. విడిగా వెతుక్కుంటే ఒక్క సోలనాయిడ్‌కే హెడ్‌లో సగం ధర చెబుతారు.