లద్దాఖ్‌లోని లేహ్‌కు విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఎందుకు?

మధ్యాహ్నం అక్కడ వేడి, గాలి రెండూ పెరుగుతాయి. పైలట్‌కి రెండూ తలనొప్పే.

లేహ్ విమానాశ్రయం ఎత్తు సుమారు 10,680 అడుగులు. విమానయాన లెక్కల్లో ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 6 డిగ్రీలు. ఎండ 25 డిగ్రీలకు చేరితే గాలి ఇంకా పల్చబడి, విమానానికి అది దాదాపు 14,400 అడుగుల ఎత్తు కింద లెక్క. పల్చటి గాలిలో ఇంజిన్ ముందుకు నెట్టే బలం, రెక్కలు పైకి లేపే బలం (లిఫ్ట్) రెండూ తగ్గుతాయి. 2024 జూలై చివర్లో కొన్ని విమానాలు రద్దయింది వేడివల్లే. వానవల్లా కాదు, మంచువల్లా కాదు.

పల్చటి గాలిలో వేగం మీటరు తక్కువ చూపిస్తుంది. దిగేటప్పుడు అది 135 నాట్లు (విమాన వేగాన్ని కొలిచే ప్రమాణం) చూపిస్తున్నా, ఆ వేడిలో అసలు వేగం 168 నాట్ల దాకా ఉంటుంది. అంటే బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు. పల్చటి గాలిలో అవి చల్లారడమూ ఆలస్యమే. అందుకే టేకాఫ్‌కి ముందు బ్రేకుల ఉష్ణోగ్రత చూసుకోవాలి, అవసరమైతే ప్రయాణికుల్నో సామాన్నో తగ్గించుకోవాలి.

చుట్టూ కొండలు కాబట్టి మామూలుగా తూర్పుముఖంగా దిగి, పడమటివైపు ఎగురుతారు. మధ్యాహ్నం పడమటి గాలి బలపడిందా, దిగేవాళ్లకు అది వెనకగాలి, రన్‌వే చాలదు.

ఎగిరాక ఒక ఇంజిన్ ఆగితే ఏ లోయ వెంట వెళ్లాలో ముందే ఖాయం చేసుకోవాలి. ఒక్క ఇంజిన్‌తో ఆ శిఖరాల్ని దాటడం కుదరని పని.

క్యాబిన్ ప్రెషర్ సంగతీ ఉంది. మామూలుగా లోపలి గాలిని 8,000 అడుగుల స్థాయిలోపే ఉంచుతారు. లేహ్ అంతకన్నా ఎత్తు, అందుకే ఎత్తైన విమానాశ్రయాలకు తగిన సెట్టింగ్ ఉన్న విమానాలే పంపుతారు.