పొద్దున 9:42కు లగ్నం, తెల్లారి 3కు ఫ్లైట్... అందుకుంటానా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హనుమకొండ. దుబాయ్‌లో స్టోర్ కీపర్‌గా చేస్తున్నాను. మాఘమాసంలో మా చెల్లె పెండ్లి, హనుమకొండలోనే ఫంక్షన్ హాల్‌లో, లగ్నం పొద్దున 9 గంటల 42 నిమిషాలకు. నాన్న పోయి మూడేళ్లయింది, అందుకే నేనూ నా భార్యా పీటల మీద కూర్చుని కాళ్లు కడగాలి. నా భార్య ఊళ్లోనే ఉంది. నాకు లీవ్ ముందురోజు సాయంత్రం నుంచే ఇచ్చారు, ఎంత బతిమాలినా వినలేదు. రాత్రి 10కి ఫ్లైట్ ఎక్కితే తెల్లవారుజామున 3కి శంషాబాద్‌లో దిగుతాను. బామ్మర్ది కారు తెస్తానంటున్నాడు. అమ్మ మాత్రం రోజూ ఫోన్‌లో ఏడుస్తోంది, ఆలస్యమైతే ఎట్లా అని. నాకూ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. టైమ్ సరిపోతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, అన్నీ సవ్యంగా జరిగితే సరిపోతుంది. అయితే నువ్వు 9:42ను చూసి లెక్కేస్తున్నావు, అక్కడే పొరపాటు. అది జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం. నీ పని అంతకన్నా ముందే ఉంది కదా, పిల్లవాడి కాళ్లు కడగాలి, కన్యాదానం చేయాలి, దానికన్నా ముందు ఎదుర్కోలు, వరపూజ. నువ్వు స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని ఎనిమిదిన్నరకల్లా హాల్‌లో ఉండాలి, అదే నీ అసలు టైమ్.

ఇప్పుడు వెనక్కి లెక్కేద్దాం. 3 గంటలకు విమానం నేల తాకినా, తలుపు తెరవడం, ఇమిగ్రేషన్ లైను, బ్యాగు కోసం బెల్టు దగ్గర నిలబడడం, ఇదంతా కలిసి బయటికొచ్చేసరికి 4:15, కారెక్కేసరికి నాలుగున్నర అనుకో. సిటీలోకి రావద్దు, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ హైవే పట్టుకుంటే భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట. తొందరపడకుండా వస్తే సుమారు మూడు గంటలు. అంటే ఏడున్నరకు ఇంట్లో ఉంటావు. నీ చేతిలో మిగిలింది ఒక్క గంట, ఆ గంటలోనే స్నానం కూడా. ఫ్లైట్ రెండు గంటలు లేటైతే ఆ గంట పోయి ఇంకో గంట అప్పు పడుతుంది. చలికాలం తెల్లవారుజామున శంషాబాద్‌లో పొగమంచు పడితే విమానాల్ని వేరే ఊళ్లకు మళ్లించిన రోజులూ ఉన్నాయి, మాఘంలో ఆ మంచు పూర్తిగా పోదు.

అందుకని ముందుగా ఇంకోసారి మీ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లు. లీవ్ పెంచమని అడగొద్దు, తిరిగివచ్చే రోజును ఒకటి ముందుకు జరుపుకుంటాను, ఆ రోజు నాకు పెండ్లికి ముందు ఇవ్వండి అని అడుగు. మొత్తం రోజులు మారకపోతే చాలామంది ఒప్పుకుంటారు. రోజు కుదరకపోతే సగం షిఫ్ట్ మార్చుకుని మధ్యాహ్నం ఫ్లైట్ అడుగు, రాత్రికల్లా దిగి ఇంట్లో పడుకుంటావు. ఏ టికెట్ కొన్నా నేరుగా వచ్చేదే కొను. ముంబై మీదుగా వస్తే నాలుగు వేలు తగ్గుతుందని కొందరు చెప్తారు, కానీ అక్కడే ఇమిగ్రేషన్ అయ్యి, బ్యాగు తీసుకుని మళ్లీ ఇంకో ఫ్లైట్ ఎక్కాలి. ఇంకో మాట, అర్ధరాత్రి దాటాక బయల్దేరే ఫ్లైట్‌కు టికెట్ మీద తేదీ మారిపోతుంది, ఒక రోజు తప్పు కొనుక్కున్న వాళ్లను నేను చూశాను. దుబాయ్ టైమ్ మనకన్నా గంటన్నర వెనక, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. రెండుసార్లు చదువు.

అవేవీ కుదరలేదనుకో. అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, నీ ఉత్తరంలో నాకు కనిపించనిది అదే. మీ చిన్నాన్న, చిన్నమ్మ ఉన్నారా? నాన్నకు సొంత తమ్ముడు అయితే గోత్రం ఒకటే, పురోహితుడు చదివే ప్రవర ఒకటే, కాబట్టి అయ్యగారికీ ఇబ్బంది ఉండదు. చిన్నాన్నకు ఇప్పుడే, ఈ వారమే, నువ్వే ఫోన్ చేసి చెప్పు: "5:30 లోపు నేను కారెక్కానని మెసేజ్ రాకపోతే మీరు పీటల మీద కూర్చోండి" అని. ఐదున్నర ఎందుకంటే, అప్పుడు బయల్దేరినా ఎనిమిదిన్నరకు నేరుగా హాల్‌కే చేరి, అక్కడే గబగబా స్నానం చేసి కూర్చోవచ్చు, ఆ తర్వాత బయల్దేరితే రోడ్డు మీద పందెం మొదలవుతుంది. కాళ్లు కడిగేవాళ్లు ఉపవాసం ఉండాలి కదా, మరి ఆ పొద్దున చిన్నాన్న వాళ్లు ఉప్మా తినేసి కూర్చున్నాక "మీరు రండి" అంటే ఎట్లా? అందుకే ముందే చెప్పాలి, వాళ్లూ ఒక్కపొద్దు ఉంటారు, వాళ్లకూ పట్టుబట్టలు సిద్ధంగా ఉంటాయి. నువ్వు టైమ్‌కు వస్తే వాళ్లు సంతోషంగా లేచి చోటిస్తారు. నువ్వు ఆలస్యమైతే తలంబ్రాల దగ్గర ఉంటావు, అప్పగింతల దగ్గర ఉంటావు, చెల్లె చేయి పట్టుకుని కారెక్కించేది నువ్వే. అది తక్కువేం కాదు.

ఇక బామ్మర్ది సంగతి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను, అతను కారు నడపవద్దు. పెండ్లి ఇంటి మనిషి, వారం నుంచి టెంటు, వంటవాళ్లు, చుట్టాలు అంటూ తిరుగుతూ ఉంటాడు. రాత్రి పన్నెండుకు బయల్దేరి మూడు గంటలు వచ్చి, నిన్ను ఎక్కించుకుని ఇంకో మూడు గంటలు నడపాలి. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒంట్లో నిద్ర బరువు అన్నింటికన్నా ఎక్కువగా ఉండే వేళ, కళ్లు తెరిచి ఉండగానే మెదడు నాలుగైదు సెకన్లు పడుకుంటుంది, గంటకు 80 వేగంలో ఆ సెకన్లలో కారు వంద మీటర్లు పోతుంది. మా ఇంట్లో పెండ్లికి ఇట్లాగే ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే పెంబర్తి దాటాక మా మరిది కునుకు తీశాడు, కారు డివైడర్ ఎక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ పెండ్లి ఫొటోల్లో మా అత్తగారి మొహం ఇప్పటికీ చూడలేను. డబ్బులు పోతే పోయాయి, డ్రైవర్‌ను పెట్టుకోండి, పగలు పడుకున్న మనిషి కావాలి. లేదంటే డ్రైవర్ సాయంత్రమే వచ్చి శంషాబాద్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుని మూడుకు లేవాలి. దారిలో రాయగిరి దగ్గరో ఆలేరులోనో పదినిమిషాలు ఆగి టీ తాగండి. నువ్వు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని పడుకో, డ్రైవర్‌తో మాట్లాడడానికి ముందు సీట్లో ఇంకెవరైనా కూర్చోవాలి. రైలు, బస్సు ఆలోచన వద్దు, సికింద్రాబాద్‌కో ఉప్పల్‌కో వెళ్లేసరికే నీ గంట అయిపోతుంది. (మన వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది, అది నడిచే రోజు నీలాంటి పిల్లలకు ఈ బాధ ఉండదని నాకు చాలా ఆశ.)

సామాను విషయం. చెక్-ఇన్ బ్యాగు లేకుండా రాగలిగితే బెల్టు దగ్గర అరగంట మిగులుతుంది. అందరికీ తెచ్చే సెంట్లు, చాక్లెట్లు ముందే వచ్చే దోస్తుల చేత పంపించు. చెల్లెకు బంగారం ఆ రాత్రి తేవద్దు. ఏడాదికి పైగా బయట ఉన్న మగవాళ్లకు సుంకం లేకుండా అనుమతించేది 20 గ్రాముల నగలే, బిస్కెట్లకు ఆ మినహాయింపు లేదు, అంతకుమించి ఉంటే కస్టమ్స్ వాళ్ల రెడ్ ఛానల్‌లో చెప్పి సుంకం కట్టాలి, అది ఆ పొద్దున పెట్టుకునే పని కాదు. ఇమిగ్రేషన్ లైను తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ అని కేంద్ర హోంశాఖ పెట్టింది, 2025 జనవరి నుంచి శంషాబాద్‌లోనూ దానికి ఈ-గేట్లు, అంటే వాటంతట అవే తెరుచుకునే గేట్లు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇవ్వాలి, ఆమోదానికి టైమ్ పడుతుంది, కాబట్టి ఈ పెండ్లికి అందకపోవచ్చు, వచ్చేసారికైనా పనికొస్తుంది.

నీ ఇండియా సిమ్ రీఛార్జ్ చేయించు, దిగగానే డ్రైవర్‌కు ఫోన్ కలవాలి. కారు ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోమను. విమానం ఎక్కే ముందే తిను, లోపల భోజనం వద్దని చెప్పి కళ్లకు గుడ్డ కట్టుకుంటే రెండు గంటలైనా నిద్ర దొరుకుతుంది. నిద్రమాత్ర మాత్రం వేసుకోవద్దు, మూడున్నర గంటల ప్రయాణానికి అది మత్తుగానే మిగులుతుంది. నీళ్లు బాగా తాగు. ఉపవాసంలో పాలు, పండు తీసుకోవచ్చా అని అయ్యగారిని ముందే అడుగు, చాలామంది తీసుకోమంటారు, నిద్రలేని ఒంటితో ఖాళీ కడుపున హోమం పొగ దగ్గర కూర్చుంటే కళ్లు తిరుగుతాయి.

ఆ రాత్రి అమ్మ నిద్రపోదు, పొమ్మన్నా పోదు. నీ మెసేజ్‌లు చూసే ఫోన్ చిన్నమ్మ దగ్గర ఉండాలి. దిగాను, బయటికొచ్చాను, కారెక్కాను, జనగామ దాటాను అని నాలుగు మెసేజ్‌లు చాలు. ఒకవేళ ఐదున్నర దాటితే అమ్మకు ఆ మాట ఎవరో చెప్పేలోపే నువ్వే ఫోన్ చేసి, చిన్నాన్న కూర్చుంటున్నాడమ్మా, నేను వచ్చేస్తున్నా అని చెప్పు.