బండి నాది, నడిపింది మా బావమరిది: టైరు పేలితే డబ్బు ఎవరు కట్టాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర పల్లెటూరు. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. మూడు వారాల కిందట మా బావమరిది నా బైకు తీసుకుని, మా పెదనాన్న కొడుకును వెనక ఎక్కించుకుని ఒంగోలు బయల్దేరాడు. దారిలో వెనక టైరు పేలింది. బండి పక్కకు లాగేసి, రోడ్డు వారగా నడిచి వెళ్తున్న ఒక పెద్దాయనను గుద్దింది. ఆయనకు తొడ ఎముక విరిగింది. మా అన్నకు మోకాలి కింద విరిగితే రాడ్ వేశారు. బావమరిదికి భుజం దగ్గర దెబ్బలు. అతనికి లైసెన్సు ఉంది. ఇన్సూరెన్సు నేను థర్డ్ పార్టీ ఒకటే చేయించాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి వెనక టైరు బాగా అరిగి ఉందని రాశారట. అరిగిన మాట నిజమే, జీతం రాగానే మార్పిద్దామనుకున్నాను. కానీ లారీ మీద నుంచి పడ్డ రాయి కోసుకుని పేలిందని మావాళ్లు అంటున్నారు. బండి విడిపించుకుని కొత్త టైరు వేయించాను. పాతది పంక్చర్ షాపులోనే ఉంది. టైరు అరిగింది కాబట్టి ఇన్సూరెన్సు రాదు, మొత్తం నువ్వే కట్టాలి అని ఊళ్లో అంటున్నారు. బండి నేను నడపలేదు కదా? టైరు పేలడం మన చేతిలో ఉందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మిగతా సంగతులు తర్వాత. ఇది చదవగానే ఆ పంక్చర్ షాపుకు వెళ్లి పాత టైరు, ట్యూబు రెండూ తెచ్చుకోండి. పాత రబ్బరు కొనేవాడు వచ్చి పట్టుకుపోయాక నేను కాదు కదా, ఎంత పెద్ద లాయరైనా చేసేదేమీ ఉండదు. తెచ్చాక కడగొద్దు. నాలుగు వైపులా ఫోటోలు తీసి, గోనెసంచిలో వేసి అటక మీద పెట్టండి.

ఎందుకంటారా? కొన్నేళ్ల కిందట ఇలాంటి కేసే ఒకటి నేను చూశాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఒకే ముక్క: టైరు అరిగి ఉంది. మేము ఆ టైరును సంచిలోంచి తీసి కోర్టు హాల్లో పెట్టాం. చీలిక అంచు బ్లేడుతో కోసినట్టు నున్నగా, బయటి నుంచి లోపలికి దిగి ఉంది. లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే మిగతా గోడంతా బాగానే ఉంది. గాలి తక్కువగా నడిచిన టైరైతే అలా ఉండదు. లోపల చుట్టూతా నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, దారాలు పీచుల్లా పైకి లేస్తాయి. అరగడం వేరు, కోసుకోవడం వేరు అని మేము ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు (క్రాస్‌లో) ఇన్‌స్పెక్టర్ గారే ఒప్పుకున్నారు. మీ టైరు కూడా అలాగే చెబుతుందని నేను హామీ ఇవ్వను. మీకు ఎదురు తిరిగి కూడా మాట్లాడవచ్చు. అయినా సరే, దాన్ని దాచి ఉంచండి.

ఇక టైరు పేలడం మన చేతిలో ఉందా అన్నారు. ఇది దైవఘటన అనే వాదన కోర్టుల్లో చాలా పాతది, చాలాసార్లు ఓడిపోయింది. 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కౌష్‌నుమా బేగం కేసు అచ్చం మీ పెద్దాయన సంగతే. ఒక జీపు ముందు టైరు పేలి, బండి పల్టీ కొట్టి, నడిచి వెళ్తున్న మనిషిని కొట్టింది. ఆయన చనిపోయారు. టైరు పేలడంలో డ్రైవరు నిర్లక్ష్యం ఏముందని కింద ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంటు పరిహారం తేల్చే కోర్టు, ఆ కుటుంబం దరఖాస్తు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన వస్తువును రోడ్డు మీదకు తెచ్చినవాడు, తన తప్పు రుజువు కాకపోయినా దాని వల్ల జరిగిన నష్టానికి బాధ్యుడేనని చెప్పి ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది: టైరు పేలడం దేవుడి పని కాదు, గాలి ఎక్కువ తక్కువలు, అతివేగం, పాత టైర్లు, వేడి లాంటి కారణాలతో జరిగేది, ప్రయాణానికి ముందు టైరు చూసుకోవలసింది మనిషేనని. కాబట్టి ‘మన చేతిలో ఏముంది’ అనే మాట మీ కౌంటరులో, అంటే కోర్టుకు రాసిచ్చే జవాబులో, రాయించకండి. నేనైతే రాయను.

బండి నేను నడపలేదు అంటున్నారు. పరిహారం విషయంలో అది పనికిరాదు. ఆర్.సి. మీ పేరున ఉంది, తాళం మీరే ఇచ్చారు. ట్రిబ్యునల్‌లో నడిపిన బావమరిది, యజమానిగా మీరు, ఇన్సూరెన్సు కంపెనీ, ముగ్గురూ ఎదురు పార్టీలే అవుతారు.

అయితే ఊళ్లో వాళ్లు చెప్పినదాంట్లో పెద్ద తప్పు ఒకటుంది. టైరు అరిగింది కాబట్టి పెద్దాయనకు ఇన్సూరెన్సు రాదన్నది నిజం కాదు. మూడో మనిషికి డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి కంపెనీ ఏయే కారణాలు చెప్పవచ్చో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో రాసి ఉంది. లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, రేసులు, పర్మిట్ ఉల్లంఘన లాంటివి అందులో ఉన్నాయి. అరిగిన టైరు లేదు. ‘బండిని మంచి కండిషన్‌లో ఉంచాలి’ అని పాలసీలో ఒక షరతు ఉంటుంది, కంపెనీ తరఫు లాయరు దాన్ని పైకి చదివి వాదిస్తాడు. అది ముఖ్యంగా మీకూ కంపెనీకీ మధ్య మాట. మీ బండి రిపేరు డబ్బు అడిగినప్పుడు అది అడ్డం వస్తుంది. మీకు ఆ కవరే లేదు కాబట్టి బండి రిపేరు ఖర్చు ఎలాగూ మీదే.

పెద్దాయనకు రెండు దారులు. సెక్షన్ 166 కింద వేస్తే వైద్యం, పోయిన సంపాదన, వైకల్యం, నొప్పి, అన్నీ లెక్కగట్టి అడగవచ్చు. సెక్షన్ 164 కింద అయితే తప్పెవరిదన్న గొడవే లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు (మరణానికి 5 లక్షలు) ఖాయం. తొడ ఎముక విరిగితే తీవ్ర గాయమే.

అసలు నాకు బెంగగా ఉన్నది మీ అన్న గురించి. ముక్కూ మొహం తెలియని మనిషికి కంపెనీ కడుతుంది, మీ పెదనాన్న కొడుకుకు కట్టదు. వినడానికి అన్యాయంగా ఉంటుంది కానీ చట్టం అంతే. వెనక కూర్చున్న మనిషి థర్డ్ పార్టీ పాలసీ కిందకు రాడని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తేల్చింది. జనం ‘ఫుల్ ఇన్సూరెన్సు’ అనే ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది. లేకపోతే మీ అన్న కేసు వేసినా తీర్పు మీ మీదా, మీ బావమరిది మీదా వస్తుంది. కట్టవలసింది మీ జేబులోంచే.

అందుకే పాలసీ కాగితం ఒకసారి బయటికి తీయండి. థర్డ్ పార్టీ ఒకటే అన్నారు, మీరు చదివి చెప్పారా, గుర్తున్నంతలో చెప్పారా? 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దానితో పాటు ఇచ్చే సొంత డ్యామేజీ కవర్ చాలావాటికి ఏడాదికే అయిపోతుంది. చాలామంది అయిదేళ్లూ ఫుల్ ఇన్సూరెన్సు ఉందనుకుని తిరుగుతుంటారు. మీలాగా లేదనుకున్నవాళ్ల కాగితంలో ఉన్న సందర్భాలూ నేను చూశాను. ‘ప్యాకేజీ’ అని ఉందా, ‘లయబిలిటీ ఓన్లీ’ (థర్డ్ పార్టీ మాత్రమే) అని ఉందా, యాక్సిడెంటు రోజుకు ఏది నడుస్తోంది, ఈ మూడూ చూడండి.

బావమరిది సంగతి ఇంకా కష్టం. మీ బండి అడిగి తీసుకుని నడిపినవాడు చట్టం దృష్టిలో మీ స్థానంలోకి వచ్చేస్తాడు. తన గాయాలకు తన మీదే కేసు వేసుకోలేడు కదా. పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, అది ఆర్.సి.లో పేరున్న యజమాని నడుపుతున్నప్పటికే.

ఇప్పుడు క్రిమినల్ కేసు. నడిపింది మీ బావమరిది కాబట్టి భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) అతని మీద పెట్టి ఉంటారు. వాటిలో మిమ్మల్ని ఇరికించలేరు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 ఒకటుంది. ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడు కూడా దాని కిందకు వస్తాడు. ఆ లోపం అతనికి తెలిసి ఉండాలి, లేదా మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై ఉండాలి. ప్రమాదమేమీ జరగకపోతే 1,500 రూపాయల దాకా జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన వాక్యం ‘జీతం రాగానే మార్పిద్దామనుకున్నాను’. తెలిసి ఇచ్చానని ఒప్పుకున్నట్టే అది. అబద్ధం చెప్పమని నేను అనను. టీ కొట్టు దగ్గర, ఆసుపత్రి వరండాలో అందరికీ చెప్పుకుంటూ తిరగొద్దు అంటాను. స్టేషన్‌లో అడిగితే లాయరును పక్కన పెట్టుకుని జవాబు చెప్పండి.

అరిగింది అంటే ఎంత అరిగింది అన్నది తేలాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వ నియమం ప్రకారం టూవీలర్ టైరు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి దారాలు బయటపడ్డా, ఎక్కడైనా బుడిపెలా ఉబ్బినా ఆ టైరు పనికిరానిదే. మీ టైరు గోడ మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. దానికి ఎదురుగా గాడి లోపల రబ్బరు గట్టు ఒకటి కనిపిస్తుంది. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. గట్టు ఇంకా కిందే ఉంటే, రిపోర్టులో ‘బాగా అరిగింది’ అని రాసినా చట్టం లెక్కలో టైరు బాగున్నట్టే. వెళ్లి చూసి నాకు చెప్పండి. టైరు గోడ మీదే నాలుగంకెలు కూడా ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఆ అంకెల ఫోటో కూడా తీయండి.

రాయి కోసిందన్న మాటను నేను కొట్టిపారేయను. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ బండలేసుకుని వెళ్లే లారీల వెనక బైకు నడిపినవాళ్లెవరూ కొట్టిపారేయరు. కానీ లోపం బయటికి కనిపించేది కాదు, నేను జాగ్రత్తగానే ఉన్నాను అని నిరూపించుకోవలసిన భారం యజమానిదేనని సుప్రీంకోర్టు 1977 నాటికే చెప్పింది. సర్వీసింగ్ చేయించిన చీటీ, ట్యూబు మార్చిన బిల్లు, గాలి కొట్టించినప్పుడు ఫోన్‌లో చెల్లించిన పది రూపాయల మెసేజీ, ఏది దొరికినా పోగెయ్యండి. నవ్వకండి, ఆ పది రూపాయల మెసేజీ తేదీతో సహా ఉంటుంది.

ఇక మీద బండి ఎవరికైనా ఇచ్చేటప్పుడు, అడిగింది ఇంటి అల్లుడైనా సరే, అర నిమిషం ఆగి చుట్టూ తిరిగి చూడండి. వెనక టైరు చక్రం తిప్పి మేకు, కోత, ఉబ్బు ఉన్నాయేమో చూడాలి. వెనక మనిషి ఎక్కుతున్నాడంటే వెనక టైరుకు గాలి ఎక్కువ కావాలి. ఎంత కావాలో చైన్ కవర్ మీదో, పుస్తకంలోనో రాసి ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. మన ఒంగోలు ఎండల్లో పది కిలోమీటర్లు నడిపాక చూపించే అంకెను నమ్మకూడదు. నాలుగైదు ప్యాచీలు పడ్డ ట్యూబును ఇంకో ప్యాచీతో సరిపెట్టకండి. ట్యూబు టైరులో గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబ్‌లెస్ అయితే కాస్త టైమిస్తుంది.

ఈ వారంలో చేయవలసిన పనులు. యాక్సిడెంటు సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, ఇప్పటికే ఆలస్యమైంది. ఎఫ్.ఐ.ఆర్., బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాపీలు తీసుకోండి. ట్రిబ్యునల్ నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపడం, కోర్టుకు వెళ్లకుండా ఎక్స్‌పార్టీ కావడం చేయకండి. పెద్దమనుషుల దగ్గర పెద్దాయన ఆసుపత్రి ఖర్చు ఏమైనా ఇస్తే ఎంత ఇచ్చారో కాగితం మీద సంతకంతో తీసుకోండి, లేకపోతే అది లెక్కలోకి రాదు. ఇంకెవరైనా వచ్చి, నడిపింది వేరేవాళ్లని చెబుదాం, స్టేట్‌మెంట్ మార్పిద్దాం అంటే వాళ్లకు ఒక నమస్కారం పెట్టి పంపించండి. ఆ సలహా విని చిన్న కేసును పెద్దది చేసుకున్నవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు.

మీ అన్నకు ఒక మాట చెప్పాలి, అది మీకు కష్టమైనా. సెక్షన్ 166 కింద దరఖాస్తుకు యాక్సిడెంటు రోజు నుంచి ఆరు నెలలే గడువు, మూడు వారాలు అయిపోయాయి. ఆయన వేరే లాయరును పెట్టుకోవడమే న్యాయం, ఎందుకంటే ఆయన అడగవలసింది మిమ్మల్నే. అన్నదమ్ముల మధ్య కోర్టు ఎందుకనుకుంటే, ఆయన దరఖాస్తు వేశాక లోక్ అదాలత్‌లో కూర్చుని వాయిదాల మీద కట్టేలా రాజీ రాసుకోవచ్చు. అలా రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

ఒంగోలు వచ్చేటప్పుడు పాలసీ, ఆర్.సి., బావమరిది లైసెన్సు ఒరిజినల్స్ తెండి. టైరు కూడా తెండి. బస్సులో కండక్టరు లగేజీ టికెట్టు కొడతానంటే కొట్టించుకోండి, ఆ టికెట్టు కూడా పారేయకండి.