రిటైర్మెంట్ సొమ్ముతో ప్రాచీన నాణేలు కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేలంటే ఎప్పటినుంచో ఇష్టం. ఇన్నాళ్లూ అరిగిపోయినవే తక్కువ ధరకు కొంటూ వచ్చాను. ఈమధ్య ఒక డీలర్ దాదాపు కొత్తగా ఉన్న ఏథెన్స్ వెండి నాణెం చూపించి, ‘ఈ స్థాయి నాణేనికి ధర పడిపోవడం అంటూ ఉండదు’ అన్నారు. మరో ఆరేళ్లలో రిటైరవుతాను. దానికోసం దాచిన డబ్బులో మూడో వంతు ఇలాంటి మేలైన నాణేల్లో పెట్టాలని ఉంది. మంచిదేనా?

జవాబు: మూడో వంతు వద్దండి. మీకున్న ఇష్టాన్ని తగ్గించుకోమని చెప్పడం లేదు. రెండున్నర వేల ఏళ్ల కిందటి నాణెం నిన్న మొన్న అచ్చువేసినట్టు కనిపిస్తే ఎవరికైనా చేయి ఆగదు. కానీ మీరు పెట్టబోయే డబ్బుకు ఒక తేదీ ఉంది. నాణేల మార్కెట్‌కు అలాంటి తేదీలతో పనిలేదు.

ముందు లెక్క చూద్దాం. వేలంలో ఒక నాణెం 100 దగ్గర ఆగిందనుకోండి. కొన్నవారి దగ్గర వేలం సంస్థ సుమారు 20 శాతం అదనంగా తీసుకోవడం మామూలే. అంటే మీ జేబులోంచి 120 పోతుంది. తర్వాత మీరు అమ్మేటప్పుడు 15 శాతం కమీషన్ కోతపడితే, మీ 120 మీకు తిరిగి రావాలంటే పాట 141 దాకా పోవాలి. నాణెం ధర ఏటా 5 శాతం చొప్పున క్రమం తప్పకుండా పెరిగినా, అక్కడికి చేరడానికి ఏడేళ్లు దాటుతుంది. మీకున్నది ఆరేళ్లు. ఇందులో ద్రవ్యోల్బణాన్ని, ఇన్సూరెన్స్‌ను, లాకర్ ఖర్చును నేను కలపనే లేదు. పైగా ఈ ఏడేళ్లలో నాణెం మీకు వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. డీలర్ దగ్గర నేరుగా కొన్నా ఇదే సంగతి. ఆయన అమ్మే ధరకూ తిరిగి కొనే ధరకూ మధ్య తేడా ఉంటుంది. ఆ తేడా ఎంతో ఇప్పుడే అడగండి.

ఇక ‘ధర పడిపోదు’ అనే మాట. మీకు చూపించిన నాణేన్నే తీసుకుందాం. బొమ్మ వైపు ఎథీనా దేవత, బొరుసు వైపు గుడ్లగూబ, సుమారు 17 గ్రాముల వెండి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ ఈ నాణేలను లెక్కలేనన్ని ముద్రించింది. లారియన్ గనుల వెండి వాళ్లకు దగ్గర్లోనే ఉండేది. ఈ నాణెం అందమైనదే, పేరున్నదే. అరుదైనది మాత్రం కాదు. ఈనాటి నాణేలైతే ఎన్ని ముద్రించారో టంకశాల లెక్క ఉంటుంది. ప్రాచీన నాణేలు భూమిలో ఇంకెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆ కాలంలో జనం కుండల్లో పెట్టి పాతిపెట్టిన డబ్బే ఇప్పుడు మెరుస్తూ బయటికి వస్తోంది. అసలు ఇవి ఇంత బాగా నిలవడానికి కారణం కూడా అదే: చేతులు మారకముందే మట్టిలోకి వెళ్లాయి. అలాంటి నిధి ఒకటి బయటపడిందంటే, అప్పటిదాకా అరుదనుకున్న నాణ్యత ఒక్కసారిగా మామూలైపోతుంది. ఈ గుడ్లగూబ నాణేల విషయంలోనే గత పదేళ్లలో అలా జరిగింది.

నాణెం ‘బాగుంది’ అనడంలో చాలా సంగతులు కలిసి ఉంటాయి. వీటిని యంత్రం ముద్రించలేదు. వేడిచేసిన లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు. దెబ్బ పక్కకు పడితే బొమ్మ అంచు దాటిపోతుంది. అచ్చు అరిగిపోయి ఉంటే కొత్త నాణెం కూడా మసకగానే వస్తుంది. అందుకే ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థ ప్రాచీన నాణేలకు అరుగుదలను బట్టి గ్రేడ్ ఇవ్వడంతో ఆగకుండా, ముద్రకు 5కి ఇన్ని, ఉపరితలానికి 5కి ఇన్ని అని విడిగా మార్కులు వేస్తుంది. ఒకే గ్రేడ్ ఉన్న రెండు నాణేలు ఎంతో తేడాతో అమ్ముడుపోయేది ఇందుకే. మీరు చూసిన నాణెం మీద ఎథీనా శిరస్త్రాణం పైనున్న తురాయి పూర్తిగా పడిందా? చాలా గుడ్లగూబ నాణేల మీద అది సగమే ఉంటుంది. పూర్తిగా పడినదానికే గిరాకీ ఎక్కువ. డీలర్ దీని గురించి ఏమీ చెప్పలేదంటే మీరే అడగాలి.

గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో సీలుచేసి ఇచ్చింది కాబట్టి అసలైనదే అని నిశ్చింతగా ఉండకండి. గ్రేడ్ అనేది నిపుణుల అభిప్రాయమే. ప్రాచీన నాణేలకు అసలైనదన్న గ్యారంటీ కూడా ఇస్తున్నారో లేదో ఆ సంస్థ నిబంధనల్లో చూసుకోండి. నకిలీ అని తేలితే ఎప్పుడైనా డబ్బు తిరిగి ఇస్తానని డీలర్ చేత రాయించుకోండి. రాయనంటే అక్కడితో ఆపేయండి. రాగి, కంచు నాణేలైతే ఇంకో బెడద: చెరిగిపోయిన గీతలను సూదిమొనతో మళ్లీ చెక్కడం, పాటినాను (ఏళ్లు గడిచేకొద్దీ లోహం మీద ఏర్పడే రంగు పొరను) కృత్రిమంగా పూయడం ఉన్నాయి. ఫొటోలో ఇవి కనపడవు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది నాణెం ఎక్కడినుంచి వచ్చిందనే విషయం. సీజర్‌ను చంపిన బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని పూర్వ చరిత్రగా చూపించిన వివరాలు అబద్ధమని తర్వాత తేలింది. అమెరికా అధికారులు దాన్ని స్వాధీనం చేసుకుని 2023 మార్చిలో గ్రీసుకు అప్పగించారు. నాణెం అసలైనదే, స్థితి అద్భుతం. అయినా కాగితాలు నిలవలేదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది కనుక, అంతకుముందే ఫలానా సేకరణలో ఉన్నట్టు పాత వేలం కేటలాగ్‌లో ఫొటో ఉన్న నాణేలకు కొంచెం ఎక్కువ పెట్టినా నేను తప్పుపట్టను. పురావస్తువుల కొనుగోలు, ఎగుమతి చట్టాలు దేశానికో రకం. మీ దగ్గర ఏం వర్తిస్తుందో లాయర్‌ను అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.

‘నిపుణులు నడిపే ఫండ్‌లో పెడితే?’ అని మీకు ఆలోచన రావచ్చు. 1980ల చివర్లో అమెరికాలో ఒక పెద్ద బ్రోకరేజీ సంస్థ ‘ఎథీనా ఫండ్’ పేరుతో ప్రాచీన నాణేల మీద మదుపరుల డబ్బు పోగుచేసింది. అది నష్టాలతో ముగిసి, మదుపరులకు పరిహారం చెల్లించాల్సి వచ్చింది.

మరి ఏం చేయాలి? రిటైర్మెంట్ సొమ్మును ఆరేళ్ల గడువుకు తగిన చోటే ఉంచండి. నాణేలకు విడిగా ఒక మొత్తం పెట్టుకోండి. అది పూర్తిగా పోయినా మీ రిటైర్మెంట్ ప్లాన్‌లో ఒక్క అంకె కూడా మారకూడదు. నా లెక్కలో అది మొత్తం పొదుపులో 5 శాతం దాటకూడదు. ఆ డబ్బుతో పది ఓ మోస్తరు నాణేలకు బదులు కాగితాలున్న ఒక్క మంచి నాణెం కొనుక్కోండి. అంతకంటే ముందు మీ దగ్గరున్న వాటిలో ఒకటి అమ్మి చూడండి. ఎన్నాళ్లకు అమ్ముడైందో, ఎంత చేతికొచ్చిందో రాసిపెట్టుకోండి. డీలర్ మాటకంటే మీకు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

కొన్నాక నాణేన్ని తోమకండి, పాలిష్ పెట్టకండి. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచకండి. వాటినుంచి వచ్చే ఆమ్లం వల్ల నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. ప్రతి నాణేనికి ఫొటో, బరువు, కొన్న రశీదు, పాత కేటలాగ్ పేజీ ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో, అమ్మాల్సి వస్తే ఎవరిని సంప్రదించాలో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.