నాటకాల్లోకి వస్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు. ఈ ఒడిశాలోనే, బరంపురంలో ఉన్న ఉద్యోగం మానేసి పద్యనాటకాల్లో దిగిపోతానన్నావట, మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. నా చేత వద్దనిపించాలని ఆవిడ ఆశ. వద్దని నేను అనను, నీ గొంతు నాకు తెలుసు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. శివరాత్రికి ఊపందుకున్న నాటకాలు శ్రీరామనవమి, అమ్మవారి పండగల దాకా నడుస్తాయి. వానలు మొదలయ్యాయంటే హార్మోనియం పెట్టె మూసెయ్యాల్సిందే. ఆ నెలల్లో కిరాణా కొట్టువాడికి పద్యం పాడి వినిపిస్తే బియ్యం ఇవ్వడు.

ముందు నీ నోటుపుస్తకం సంగతి. పోయిన పండక్కి వచ్చినప్పుడు చూశాను. కృష్ణుడి పద్యాలన్నీ ఒడియా లిపిలో రాసుకున్నావు. ఒడియా మీడియంలో చదువుకున్న మన పిల్లలందరూ చేసే పనే, నిన్ను తప్పుపట్టను. కానీ ఆ లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ కూడా అంతే. మన పద్యం నిలబడేదే గురులఘువుల మీద. ‘కొడుకు’ కాస్తా ‘కోడుకు’ అయిందా, గణం చెడింది, పాదం కుంటుతుంది. పైగా ఒడియా అలవాటులో మన ‘అ’ కొంచెం ‘ఒ’ వైపు ఒరుగుతుంది. ఇంట్లో మాట్లాడుకుంటే ఎవరూ పట్టించుకోరు. పాతపట్నంలోనో, టెక్కలిలోనో, ఇచ్ఛాపురంలోనో స్టేజీ ఎక్కితే మాత్రం ముందు వరసలో కూర్చున్న ముసలాళ్ళు వదలరు. రాయబారం పద్యాలు వాళ్ళకు నీకంటే బాగా నోటికొచ్చు. నువ్వు తప్పు పాడితే అక్కణ్ణుంచే దిద్దుతారు, అదీ గట్టిగా. అందుకని పద్యాలన్నీ తెలుగు అక్షరాల్లో నీ చేత్తో మళ్ళీ రాసుకో. పక్కనే గురువులు, లఘువులు గుర్తు పెట్టుకో. విసుగ్గా ఉంటుంది, అయినా రాయి.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎవరూ సరిగ్గా చెప్పరు. మత్తేభంలో పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతిస్థానం. సంస్కృతం చదివినవాళ్ళు యతి దగ్గర ఆగాలంటారు. అది వాళ్ళ శ్లోకానికి. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి, అంతే. అక్కడ ఆగితే చాలాసార్లు మాట నడిమికి తెగుతుంది. పాదం చివర కూడా అంతే, మాట తర్వాతి పాదంలోకి పోతుంటే ఆగకూడదు. ఒక పని చెయ్యి. పద్యాన్ని రాగం లేకుండా, ఎదురుగా ఉన్న మనిషితో పోట్లాడుతున్నట్టు మామూలుగా చెప్పు. నీకు తెలియకుండానే ఎక్కడ ఆగావో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. పాడేటప్పుడూ అక్కడే ఊపిరి తీసుకో. మన గంజాంలో ఒడియావాళ్ళ ప్రహ్లాద నాటకం చూశావు కదా, అందులో గాహకుడు పక్కనే ఉండి పాట నడిపిస్తాడు. మనకు ఆ వెసులుబాటు లేదు. పద్యమూ మనదే, ఊపిరీ మనదే.

ఇక రాగం. పద్యం చివర ఆలాపన సాగదీస్తే జనం ‘వన్స్‌మోర్’ అంటారు. ఆ కేక ఒక్కసారి చెవిన పడ్డాక మనిషి మారిపోతాడు. ఎదురుగా దుర్యోధనుడు కాళ్ళు పీక్కుపోతూ నిలబడి ఉంటాడు, కృష్ణుడేమో కల్యాణి రాగంలో ఊరేగుతూ ఉంటాడు. రాయబారానికి వచ్చినవాడు అలా పాడతాడా? మన ఉత్తరాంధ్ర మనిషి పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడి వేషానికే పేరు మోశారు. ఆలాపన తగ్గించి భావం పలికించడమే ఆయన గొప్ప. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు సత్యభామగా ఒకే పల్లవిని రకరకాల భావాలతో పాడేవారట. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. గొంతు బలం చూసి ఇచ్చారని నేను అనుకోను. శోకానికి ముఖారి, వీరానికి అఠాణా అని నీకు నేర్పుతారు, నేర్చుకో. కానీ జనానికి చివరి వరసలో కూడా మాట అందాలి. రాగం దాని తర్వాతే.

శ్రుతి విషయంలో మొహమాటపడకు. మైకులు లేని రోజుల్లో పాతవాళ్ళు నాలుగు శ్రుతిలో, ఐదు శ్రుతిలో, అంత హెచ్చులో పాడేవారంటే జనానికి వినబడాలి కాబట్టి. నీది రెండున్నర. మూడుకి ఎక్కించమని హార్మోనిస్టు కన్ను గీటుతాడు, అర్జునుడు ఎగదోస్తాడు. ససేమిరా అను. నాటకం తెల్లవార్లూ నడవాలి, నీ గొంతు ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నడవాలి.

ఇంట్లో సాధన చేసేటప్పుడు కిరీటం పెట్టుకుని చెయ్యి. నవ్వకు. ఆ బరువుకు తల కొంచెం ముందుకు వాలుతుంది, మెడ బిగుస్తుంది, పై స్వరం అందదు. రాత్రి వేషం కట్టాక తెలుసుకుంటే లాభం లేదు. దుర్యోధనుడి వేషం వేస్తే మీసం అంటించుకుని కూడా పాడి చూసుకో, గమ్ము ఆరాక పై పెదవి పట్టేస్తుంది. గుండి, అదే పొగాకు పొడి, వేసిన కిళ్ళీ మానెయ్. రెండు చుక్కలు వేస్తే గొంతు విచ్చుకుంటుందని గ్రీన్‌రూములో ఎవడో ఒకడు ఉంటాడు. ఆ మాట విన్నవాళ్ళ గొంతులు నేను విన్నాను. నాటకం మర్నాడు మాట్లాడకు. గుసగుసలు కూడా వద్దు, అవి గొంతుకు విశ్రాంతి కాదు, శ్రమే. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల కషాయం తాగుతూ కూర్చోకుండా మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించు.

డబ్బు సంగతి మాట్లాడ్డానికి సిగ్గుపడకు. ఒక కమిటీవాళ్ళు హారతి పళ్ళెంలో పడ్డ చిల్లర మూటగట్టి నా చేతిలో పెట్టారు, మిగతాది వచ్చే ఏడు ఇస్తామన్నారు. వచ్చే ఏడు కమిటీయే మారిపోయింది. కాబట్టి అడ్వాన్సు చేతిలో పడందే తారీఖు ఖాయం చెయ్యకు. హార్మోనియం, తబలా ఎవరు తెస్తారు, వాళ్ళ డబ్బు నీ వాటాలోంచా వేరేనా, డ్రెస్సుల అద్దె ఎవరిది, రానూపోనూ బండి ఉందా లేదా, అన్నీ ముందే అడుగు. నాటకం అయ్యేసరికి తెల్లవారుతుంది, ఆ వేళకు కమిటీవాళ్ళు ఒక్కరూ కనబడరు. మిగతా డబ్బు మేకప్పు వేసుకోకముందే తీసుకో.

ఇట్లు
మీ మామయ్య