కుక్కపిల్లకి షాక్ కాలర్ పెట్టొచ్చా?

వద్దు, మొరుగుడు మాన్పించడానికైనా, పిలిస్తే రావడం నేర్పడానికైనా కుక్కపిల్లకి షాక్ కాలర్ పెట్టకూడదు. రిమోట్ నొక్కగానే మెడకు ఆనుకున్న రెండు లోహపు మొనల గుండా కరెంటు తగులుతుంది. ఎందుకు తగిలిందో పిల్లకి అర్థం కాదు. ఆ క్షణంలో ఎదురుగా ఏముంటే దానికే ఆ నొప్పిని ముడిపెట్టుకుంటుంది. పైగా 3 నుంచి 14 వారాల వయసు అది లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. అప్పుడు పట్టుకున్న భయం పెద్దయ్యాక వదిలించడం చాలా కష్టం.

విజయవాడ లబ్బీపేటలో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. లిఫ్టు తలుపు తెరుచుకుని పక్కింటి పాప బయటికొస్తుంది, పిల్ల మొరుగుతుంది, మీరు బటన్ నొక్కుతారు. మీ లెక్కలో అది మొరిగినందుకు శిక్ష. దాని లెక్కలో పాప వస్తే మెడ మండుతుంది. తర్వాత అది పాపను చూసి పళ్లు బయటపెడితే తప్పు కుక్కది కాదు. బదులుగా లిఫ్టు చప్పుడైన ప్రతిసారీ, అది నోరు తెరవకముందే, ఉడికించిన చికెన్ ముక్క చిన్నది పెట్టండి. కొన్నాళ్లకి చప్పుడు వినగానే మీ చేతివైపు చూస్తుంది.

న్యూజిలాండ్‌లో కివీ పక్షుల జోలికి పోకుండా వేటకుక్కలకి ఈ కాలర్లతోనే నేర్పుతారని సమర్థించేవాళ్లు చెబుతారు. నిజమే, కానీ అది ఒక పక్షి జాతిని కాపాడుకోవడానికి నిపుణులు చేసే పని. బ్రిటన్‌లోని వేల్స్ అయితే 2010లోనే ఈ కాలర్ల వాడకాన్ని నిషేధించింది.

చాలామంది పొరబడేది ఒకచోట: కాలర్ పెట్టాక నోరు మూసింది కాబట్టి నేర్చుకుందనుకుంటారు. తోక కాళ్ల మధ్య దూర్చి, చెవులు వెనక్కి వాల్చి, పెదాలు నాకుతూ కూర్చుంటే అది భయంతో బిగుసుకుపోయిందని అర్థం.