టై ముడి: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే వారం క్యాంపస్ ఇంటర్వ్యూ. వీడియోలు చూసి విండ్సర్ ముడి నేర్చుకున్నాను. ముడి కుదురుగానే వస్తోంది కానీ టై కొన బొడ్డు పైనే ఆగిపోతోంది. నా ఎత్తు 6 అడుగులు, చొక్కా కాలర్ 16. పొట్టి టై కొనేశానా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తాంబరం

జవాబు: టైలో లోపం ఉండకపోవచ్చు. దుకాణాల్లో దొరికే మామూలు టై 145 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటుంది. విండ్సర్ ముడిలో వెడల్పు కొన మెడ ఉచ్చుకి రెండు పక్కలా చుట్టుకుంటుంది కాబట్టి గుడ్డ చాలా వరకు ముడికే ఖర్చవుతుంది. మీ ఎత్తుకి, మీ మెడకి ఇక మిగిలేది తక్కువే. ఫోర్ ఇన్ హ్యాండ్ అనే జారుముడికి మారండి. గుడ్డ తక్కువ పడుతుంది, ఇంటర్వ్యూకి నిండుగానూ ఉంటుంది.

ముందు చొక్కా పైబొత్తాం పెట్టుకుని కాలర్ పైకెత్తండి. కుట్టు ఉన్న వైపు ఒంటికి ఆనేలా టైని మెడ చుట్టూ వేసుకోండి. వెడల్పు కొన కుడి పక్కన, సన్న కొన కంటే సుమారు 30 సెంటీమీటర్లు కిందకి వేలాడాలి. వెడల్పు కొనని సన్న కొన మీదుగా ఎడమకి, దాని వెనక నుంచి కుడికి, మళ్లీ ముందు నుంచి ఎడమకి తీసుకెళ్లండి. ఈ చివరి చుట్టు కింద ఒక వేలు ఉంచండి. ఇప్పుడు కొనని మెడ దగ్గర ఉచ్చులోంచి కింద నుంచి పైకి తీసి, వేలు ఉంచిన చుట్టులోంచి కిందకి దింపండి.

ఇక్కడే బిగించేయకండి. ముడి వదులుగా ఉండగానే, దాని కింద గుడ్డ మధ్యలో చూపుడు వేలితో నొక్కి, రెండు అంచులనీ బొటనవేలితో, మధ్యవేలితో దగ్గరకి పట్టుకోండి. ఆ పట్టు వదలకుండా వెడల్పు కొనని కిందకి లాగితే ముడి కింద చక్కటి నొక్కు నిలుస్తుంది. బిగిశాక ఎంత నొక్కినా అది రాదు. చివర్లో సన్న కొనని పట్టుకుని ముడిని కాలర్ దాకా జరపండి.

కొన బెల్టు బకిల్ మీదకి రావాలి. 5 సెంటీమీటర్లు తక్కువైతే ముడి విప్పి, మొదట్లో వెడల్పు కొనని సరిగ్గా 5 సెంటీమీటర్లు కిందకి దింపి మొదలుపెట్టండి. ఎక్కువైతే అంతే పైకి. ముడి తినే గుడ్డ మారదు కాబట్టి ఎంత జరిపితే అంతే తేడా వస్తుంది. కుదిరిన రోజున, ముడి మొదలుపెట్టే ముందు సన్న కొన చొక్కా ఏ బొత్తాం దగ్గరకి వస్తోందో గుర్తుపెట్టుకోండి, రోజూ కొలవనక్కర్లేదు. ఇంత చేసినా చాలకపోతే 155 నుంచి 160 సెంటీమీటర్ల పొడుగు టై అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడి రిసెప్షన్ టీ నగర్‌లో. సూట్‌తో పాటు మందపాటి పట్టు టై తీసుకున్నాం. పెళ్లికొడుకంటే విండ్సరే కట్టాలని అందరూ అంటున్నారు. నిజమేనా?
– విల్లివాక్కం

జవాబు: ముడిని నిర్ణయించాల్సింది కాలరూ, గుడ్డ మందమూ. కేంబ్రిడ్జికి చెందిన భౌతిక శాస్త్రవేత్తలు థామస్ ఫింక్, యోంగ్ మావో 1999లో 'నేచర్' సైన్స్ పత్రికలో లెక్కగట్టిన ప్రకారం మామూలు టైతో 85 ముళ్లు వేయవచ్చు. ఇంటి అవసరాలకి రెండు వస్తే చాలు. కాలర్ రెక్కలు దగ్గరగా కిందకి దిగి ఉంటే ఫోర్ ఇన్ హ్యాండ్. రెక్కలు బాగా విచ్చుకుని మధ్యలో ఖాళీ కనిపిస్తుంటే హాఫ్ విండ్సర్, అంటే మెడ ఉచ్చుకి ఒక పక్కే చుట్టే ముడి. మందపాటి పట్టుతో నిండు విండ్సర్ కడితే ముడి గుమ్మడికాయలా ఉబ్బి కాలర్ రెక్కల్ని పైకి లేపుతుంది. ఫొటోల్లో ముందు కనిపించేది అదే. ఆ ముడికి పేరు వచ్చిన విండ్సర్ డ్యూక్ (బ్రిటన్ మాజీ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్) స్వయంగా కట్టుకున్నది కూడా ఫోర్ ఇన్ హ్యాండే. లోపల మందపాటి లైనింగ్ వేయించుకోవడం వల్ల ఆ ముడి లావుగా కనిపించేది.

హాఫ్ విండ్సర్‌లో మొదటి రెండు అడుగులూ పైన చెప్పినవే. వెనక నుంచి కుడికి వచ్చాక కొనని ముందు నుంచి పైకెత్తి మెడ ఉచ్చులోకి దింపి, ఎడమ పక్కకి తీయండి. ముందు నుంచి కుడికి చుట్టి, ఉచ్చులోంచి కింద నుంచి పైకి తీసి, ముందు వైపున్న ఆ చుట్టులోంచి దింపండి. మొదట్లో వెడల్పు కొన ఇంకాస్త కిందకి ఉండాలి.

ఆ టైని ఒకసారి సన్న కొన పట్టుకుని వేలాడదీసి చూడండి. మంచి టై గుడ్డని ఐమూలగా, 45 డిగ్రీల వాలులో కత్తిరిస్తారు. ముడి సాగి మళ్లీ సర్దుకునేది అందుకే. వేలాడదీసినప్పుడు మెలి తిరిగిపోతే కత్తిరింపు సరిగా లేనట్టే, ఎవరు కట్టినా పక్కకి తిరుగుతుంది. ఇంకా సమయం ఉంది, మార్చుకోండి.

ప్రశ్న: రోజూ చెన్నై బీచ్ లోకల్ రైల్లో ఆఫీసుకి వెళ్తాను. చెమటకి టై పాడైపోతోంది. ముడి దగ్గర ముడతలు పోవడం లేదు.
– క్రోమ్‌పేట

జవాబు: చెన్నై ఉక్కపోతలో టై కట్టుకుని రైలెక్కకండి. మధ్యకి మడిచి, వదులుగా చుట్టి సంచిలో పెట్టుకోండి. ఆఫీసుకి వెళ్లి మెడ తుడుచుకున్నాక కట్టుకోండి. ముడతలకి అసలు కారణం విప్పే పద్ధతి. సన్న కొనని ఒక్కసారిగా లాగేస్తే లోపలి లైనింగ్ మెలిపడుతుంది, వెనక కుట్టు దారం తెగుతుంది. కట్టిన వరసకి తిరగేసి, ఒక్కో చుట్టూ వదులు చేస్తూ విప్పండి. రాత్రంతా వేలాడదీస్తే చాలా ముడతలు వాటంతటవే పోతాయి. మిగిలినవాటికి ఇస్త్రీపెట్టెని తాకించకుండా ఆవిరి పట్టించండి. నేరుగా ఇస్త్రీ చేస్తే గుండ్రటి అంచులు అణిగి మడతలు పడతాయి. పట్టు మీద నీళ్లో సాంబారో పడితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దండి. సాంబారు మరక ఆ తర్వాత డ్రై క్లీనింగ్‌కే.

ప్రశ్న: రెండో తరగతి బాబు స్కూలు టైని వారమంతా ముడి విప్పకుండా ఉంచొచ్చా?
– పెరంబూర్ అమ్మ

జవాబు: ఉంచితే ముడి దగ్గర గుడ్డ నలిగి, మురికి పట్టి, శుక్రవారానికి తాడులా అవుతుంది. స్కూలు ఒప్పుకుంటే ఆ వయసుకి వెల్‌క్రో టై కొనండి. జారుడుబల్ల దగ్గర ఏదైనా తగులుకున్నా ఊడి వచ్చేస్తుంది, మెడకి బిగుసుకోదు.